కుడి చెవి, స్టాకు నంబరు 417

భ్రమరాంబ గారి కుడి చెవి ప్రభుత్వ ఆస్తి కాకముందు ఆవిడ పని పుస్తకాలు పైకి చదవడం. రాష్ట్ర శ్రవణ గ్రంథ సంస్థలో ఆవిడ రెండో తరగతి పాఠకురాలు. చూపులేని పిల్లల కోసం ఇంటర్మీడియెట్ పాఠ్యపుస్తకాలను ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా మైకులో చదివి, సీడీల కెక్కించి హాస్టళ్ళకు పంపడం ఆ సంస్థ బాధ్యత. గోదావరి జిల్లాల్లోని ఒక పట్నంలో, మూడంతస్తుల భవనంలో, నలభై ముగ్గురు ఉద్యోగులతో సంస్థ బ్రహ్మాండంగా నడుస్తోంది. అందులో చదివేవాళ్ళు ఇద్దరు. మిగతా నలభై ఒక్కరూ ఆ ఇద్దరూ చదువుతున్నారా లేదా అని చూసేవాళ్ళు. ఆ ఇద్దరిలోనూ ఒకాయన మూడేళ్ళుగా డిప్యుటేషన్ మీద ఎక్కడికో వెళ్ళాడు. ఎక్కడికి వెళ్ళాడో కనుక్కోవడానికి ఒక సెక్షన్ ఉంది.

భవనంలో ఒక రికార్డింగు గది ఉండేది. గోడలకూ తలుపులకూ మందంగా స్పాంజి కొట్టిన గది. బయట లారీ హారను మోగినా లోపలికి రాదు. కొత్తగా వచ్చిన డైరెక్టరు గారు ఆ గదిని చూసి ముచ్చటపడి, మధ్యాహ్నం పూట ఏకాగ్రతతో ఫైళ్ళు పరిశీలించడానికి దాన్ని తనకు కేటాయించుకున్నారు. ఆ గదిలోకి ఫైళ్ళు వెళ్ళడం ఎవరూ చూడలేదు గాని, ఒక మంచమూ రెండు దిండ్లూ వెళ్ళడం అందరూ చూశారు. దాంతో భ్రమరాంబ గారికి చదవడానికి చోటు లేకపోయింది. చోటు లేదని ఎక్కడా రాయకుండా, 'గృహ పఠన పథకం' అని పేరు పెట్టి, ఒక కంప్యూటరునూ ఒక మైకునూ ఆవిడ ఇంటికే పంపించారు. కంప్యూటరు పెట్టెకు నాలుగు వైపులా లక్క సీలు వేశారు. సీలు పగిలితే ఉద్యోగం పోతుందని ఒక కాగితం అంటించారు.

ఆ పెట్టెలోని హార్డ్ డిస్కుతోనే వచ్చింది చిక్కంతా. తిరుగుతున్నంతసేపూ అది గుర్రుమంటుంది. మధ్యమధ్య పక్కగదిలో ఎవరో అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తున్నట్టు టక్కు టక్కుమంటుంది. చరిత్ర పుస్తకంలో ఏడు పాఠాలు పాత గదిలో చదివేసిన భ్రమరాంబ గారు, ఎనిమిదోది ఇంట్లో చదివి పంపారు. వారం తిరక్కుండా నాణ్యతా విభాగం నుంచి సీడీ వెనక్కి వచ్చింది. కూడా ఒక మెమో.

'ఎనిమిదవ పాఠమునందు చక్రవర్తి పట్టాభిషేకము వెనుక ఏదో తిరుగుచున్న శబ్దము వినవచ్చుచున్నది. సదరు శబ్దము పాఠ్యప్రణాళికలో లేదు. తొలగించి పంపవలెను.'

ఆ సాయంత్రమే హాస్టలు నుంచి ఫోను. నూకరత్నం అనే పిల్ల. ఇంటర్ రెండో సంవత్సరం, ముప్ఫై ఇద్దరు పిల్లల తరఫున మాట్లాడే పిల్ల.

"మేడమ్, ఏడో పాఠం దాకా కంఠతా వచ్చేసిందండి. మిగతావెప్పుడు పంపుతారండి? పరీక్షలు మార్చిలోనేనంట."

"పంపుతానమ్మా. డిసెంబరే కదా ఇంకా. ఈ నెలాఖరుకి నీ చేతిలో ఉంటాయి," అన్నారు భ్రమరాంబ గారు. మాట ఇస్తే తప్పే మనిషి కాదావిడ. అయితే ఇరవై ఏళ్ళు సర్కారు ఉద్యోగం చేసి కూడా, ఒక పని ఎప్పటికి అవుతుందో చెప్పేయడం ఆవిడ చేసిన మొదటి తప్పు.

మర్నాడు భర్త వీర్రాజు గారితో కలిసి బజారులో రఫీ కంప్యూటర్ల కొట్టుకు వెళ్ళారు. వీర్రాజు గారు మునిసిపల్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి వినపడేలా మాట్లాడీ మాట్లాడీ, ఉప్పు అందుకోమనడానికి కూడా ఆ గొంతే వాడతారు. రఫీ అంతా విని తేలిగ్గా నవ్వాడు.

"ఓస్, ఇంతేనా అండి? చప్పుడు తక్కువుండే డిస్కు నా దగ్గరుంది. పెట్టె పట్టుకొచ్చేయండి. మీరు టీ తాగేలోపు మార్చేసి ఇస్తాను."

"సీలు ఉందయ్యా," అన్నారు భ్రమరాంబ గారు.

"అయితే ఆఫీసులో ఒక కాయితం రాసిచ్చేయండి. ఇంతోటి దానికి వాళ్ళు మాత్రం కాదంటారా ఏంటండి?"

భ్రమరాంబ గారు కాగితం రాసిచ్చారు. అది రెండో తప్పు. 'నా ఇంటి కంప్యూటరుకు చప్పుడు చేయని హార్డ్ డిస్కు ఎంపిక చేసి ఇప్పించవలసిందిగా ప్రార్థన' అని ఒక్క వాక్యం. సూపరింటెండెంటు పట్టాభిరామయ్య గారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, నాలుగోసారి చదివారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నిబంధన తప్పి ఒక్క అడుగు వేయని మనిషి. మెట్లు కూడా ఎడమ పక్కనే ఎక్కుతారు.

"చప్పుడు చేయని అన్నారు. అసలే చేయనిదా, తక్కువ చేసేదా, చేస్తూ చేయనట్టుండేదా?"

"ఏదైనా ఒకటేనండి. సీడీలో వినపడకుండా ఉంటే చాలు."

"అలా అంటే కుదరదమ్మా. ప్రభుత్వంలో శబ్దానికి నిర్వచనం ఉంది, మైకు పర్మిషన్ల దగ్గర. నిశ్శబ్దానికి నిర్వచనం లేదు. లేనిదాన్ని ఎలా కొంటాం? కమిటీ వేయాలి."

కమిటీ వేశారు. మూడు కొట్ల నుంచి మూడు నమూనా డిస్కులు తెప్పించారు. తీరా తెచ్చాక, వీటిలో ఏది తక్కువ చప్పుడు చేస్తుందో కొలిచే యంత్రం సంస్థ కొనదగిన వస్తువుల జాబితాలో లేదని తేలింది. ఆ జాబితాలో గుర్రపు నాడాలున్నాయి, పంకా లాగే తాళ్ళున్నాయి, శబ్దం కొలిచేది లేదు. కమిటీ నీరుగారిపోయిన సమయంలో పట్టాభిరామయ్య గారు స్టోర్సు మాన్యువల్ తిరగేసి పద్నాలుగో నిబంధన బయటికి తీశారు.

'ఒక వస్తువుయొక్క గుణమును కొలుచుటకు పరికరము లేనియెడల, తగు ఉద్యోగియొక్క జ్ఞానేంద్రియమును పరికరముగా పరిగణించవచ్చును.'

ఇది పూర్వం హాస్టళ్ళకు నూనె కొనేటప్పుడు వాసన చూసే గుమాస్తా ముక్కు కోసం రాసిన నిబంధన. ముక్కుకు వర్తించేది చెవికి ఎందుకు వర్తించదని ఆయన అడిగితే కమిటీ సరేనని రాసుకుంది. ఇక ఎవరి చెవి అన్నదే మిగిలింది. డైరెక్టరు గారి చెవి విధాన నిర్ణయాలకు మాత్రమే అన్నారు. నాణ్యతా విభాగం వాళ్ళ చెవులకు పని ఎక్కువైందని వాళ్ళ సంఘం వినతిపత్రం ఇచ్చింది. చివరికి, శబ్దం ఉందని లిఖితపూర్వకంగా ఒప్పుకున్న ఉద్యోగి ఒక్కరే కనుక, భ్రమరాంబ గారి చెవి మీదికే వచ్చింది.

ఉత్తర్వులో ఇలా ఉంది. 'శ్రీమతి భ్రమరాంబ కుడి చెవిని ఇందుమూలముగా అధీకృత చెవిగా ప్రకటించడమైనది. ఎడమ చెవి, కుడి చెవి సెలవులో ఉన్నప్పుడు ఇన్‌చార్జిగా వ్యవహరించును. ఇకపై ఏ శబ్దమును గురించి అయినను అధీకృత చెవి తప్ప సంస్థలో మరెవరును అభిప్రాయము చెప్పరాదు.'

"రెండు చెవులూ ఒకేసారి ఎందుకు పనికి రావండీ?" అని అడిగారావిడ.

"అభిప్రాయభేదం వస్తే కోర్టుకి వెళ్ళాల్సొస్తుందమ్మా," అన్నారు పట్టాభిరామయ్య గారు ఎంతో ఓపికగా.

పరికరం అన్నాక స్టాకు రిజిస్టరులో ఎక్కాలి. ఎక్కాక దాని మీద నంబరు వేయాలి. స్టోరు కీపరు గంగరాజు తెల్ల రంగు డబ్బా, కుంచె పట్టుకుని వచ్చి భ్రమరాంబ గారి ముందు నిలబడి తల గోక్కున్నాడు.

"కుర్చీకైతే వెనక కాలి మీద ఏస్తామండి. బీరువాకైతే పక్కనండి. చెవికి ఎక్కడెయ్యాలో మాన్యువల్లో లేదండి."

ఆవిడ చూసిన చూపుకు గంగరాజు రెండడుగులు వెనక్కి వేశాడు. చర్చలు జరిగాక మధ్యేమార్గంగా 417 అని కొట్టిన చిన్న ఇత్తడి బిళ్ళను కుడి చెవి కమ్మకు దారంతో కట్టారు. కూరగాయల బజారులో ఒకావిడ దాన్ని రెండు వైపుల నుంచీ చూసి, ఏ షాపులో చేయించారని అడిగింది. భ్రమరాంబ గారు సిగ్గుతో చచ్చిపోయారు.

ఆస్తి అన్నాక పరిరక్షణ ఉంటుంది. నాలుగు రోజులకోసారి మెమోలు రావడం మొదలైంది. అధీకృత చెవి కుక్కరు విజిలుకు పదడుగుల లోపల ఉండరాదు. బస్సులో ఇంజను వైపు కూర్చోరాదు. బాజాలున్న పెళ్ళిళ్ళకు వెళ్ళరాదు, వెళితే తాళి కట్టే సమయానికి బయటికి వచ్చేయవలెను. ఫోను రిసీవరును కుడి చెవికి ఆనించరాదు, ఎడమ చెవి ఇన్‌చార్జి కనుక దానికీ ఆనించరాదు. ఒక మెమో ఏకంగా వీర్రాజు గారి పేరు మీదే వచ్చింది. 'సదరు ఆస్తికి సమీపమున నివసించు వ్యక్తి తన కంఠమును అదుపునందుంచుకొనవలెను.'

వీర్రాజు గారికి మెల్లగా మాట్లాడటం చేతకాదు. రెండు రోజులు ప్రయత్నించి, ఊపిరాడక, మూడోరోజు నుంచి డ్రిల్లు సైగల్లోకి దిగారు. చేతులు పక్కలకు చాపితే అన్నం పెట్టమని. వంగి పాదాలు ముట్టుకుంటే మజ్జిగ కావాలని. ఒక పూట కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి ఆయన వంటింటి గుమ్మంలో పన్నెండు ఆసనాలు వేశారు. చెమటలు పట్టాయి గాని సంగతి ఆవిడకు అర్థం కాలేదు. ఆకలి మాత్రం ఇద్దరికీ బాగా వేసింది.

ఇదంతా నవ్వుకుని ఊరుకోదగ్గదే. జనవరి మొదటి వారంలో వచ్చిన మెమోతో మాత్రం భ్రమరాంబ గారి నవ్వు ఆగిపోయింది. 'అధీకృత చెవికి అత్యంత సమీపమున ఉత్పత్తియగు శబ్దము అధీకృత చెవి గల వ్యక్తియొక్క స్వీయకంఠమే అని కమిటీ గుర్తించినది. కావున డిస్కు ఎంపిక పూర్తియగువరకు సదరు ఉద్యోగిని పైకి చదువరాదు.' చదువుతోందేమో చూడటానికి రోజుకొకరిని ఇంటికి పంపుతామని కింద ఒక ముక్క.

ఆవిడ ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తారు.

"నేను చదవడానికేగా అండీ డిస్కు అడిగింది?"

"అవునమ్మా. డిస్కు వచ్చాక హాయిగా చదువుదురుగాని."

"ఈలోపు పిల్లల మాటేంటండి? ఎనిమిది పాఠాలు ఉన్నాయి ఇంకా."

"చూడండమ్మా. మీరు చదవాలంటే డిస్కు కావాలి. డిస్కు ఎంచాలంటే చెవి కావాలి. చెవి బాగుండాలంటే మీరు చదవకూడదు. పిల్లల కోసమే కదా ఈ తాపత్రయమంతా!"

ఆయన కళ్ళలో నిజంగానే పిల్లల మీద దయ కనిపించింది. భ్రమరాంబ గారు చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. దుర్మార్గుడైతే తిట్టిపోసి వచ్చేవారు. ఈయన్ని ఏం చేయాలో ఆవిడకు తోచలేదు.

శ్రవణ పరీక్ష మొదలైంది. పరీక్ష జరిగేటప్పుడు భవనంలో చప్పుడు ఉండకూడదు కనుక ఫ్యాన్లు ఆపారు. టైపు మిషన్లకు గుడ్డలు కప్పారు. 'శ్రవణ పరీక్ష జరుగుచున్నది' అని గేటుకు బోర్డు కట్టి, సీడీల కోసం వచ్చిన హాస్టలు వార్డెన్లను సైగలతో వెనక్కి పంపేశారు. నలభై మంది ఉద్యోగులు కుర్చీల్లో కదలకుండా, మెదలకుండా కూర్చున్నారు. సంస్థ చరిత్రలో అందరూ ఇంత శ్రద్ధగా ఒకే పని చేయడం అదే మొదలు. డైరెక్టరు గారు స్పాంజి గదిలో ఉండి స్వయంగా నిశ్శబ్దాన్ని ప్రోత్సహించారు. కిటికీ మీద వాలి అరిచిన కాకి విషయం మాత్రం మునిసిపాలిటీకి రాయవలసి వచ్చింది.

మొదటి డిస్కును కంప్యూటరుకు తగిలించారు. భ్రమరాంబ గారు కుడి చెవి ఆనించి విన్నారు. దూరంగా ఎక్కడో చేట కదిలినట్టు, ఉందా లేదా అన్నట్టుంది. రఫీ కొట్టులోది అదే.

"ఇది చాలండి. ఇది చాలా బాగుంది. ఇచ్చేయండి, సాయంత్రానికల్లా ఒక పాఠం చదివేస్తాను."

"మూడూ వినాలమ్మా," అన్నారు పట్టాభిరామయ్య గారు.

రెండోది కాస్త గుర్రుమంది. మూడోదాని దగ్గర చెవి పెడితే ఏమీ వినపడలేదు. ఇంకా దగ్గరగా పెట్టారు. ఊహూ. కమిటీ సభ్యుల ముఖాలు వెలిగిపోయాయి. ఆవిడ తలెత్తి చూసి, "అయ్యో, దీనికి వైరు తగిలించలేదండీ. అట్టపెట్టెలోంచి కూడా తీయలేదు," అన్నారు.

పట్టాభిరామయ్య గారు గొంతు సవరించుకున్నారు. "అధీకృత చెవి వినవలసింది విన్నది. వైరు ఉందా లేదా అన్నది చూడవలసిన విషయం. మీ కంటికి ఉత్తర్వు లేదమ్మా."

"ఉత్తర్వు లేకపోయినా కనపడుతోంది కదండీ!"

"కనపడొచ్చు. నమోదు చేయడానికి వీల్లేదు."

'మూడవ నమూనా: శబ్దము శూన్యము' అని రాసి సంతకం పెట్టించుకున్నారు. అది మొదటి స్థానంలో నిలిచిందని తెలియగానే మిగతా రెండు కొట్లవాళ్ళూ అభ్యంతరం పెట్టారు. ఒకరి డిస్కును తగిలించి విని, ఇంకొకరిది తగిలించకుండా వినడం సమానత్వానికి విరుద్ధమన్నారు. న్యాయమే కదా అని కమిటీ మూడింటినీ తగిలించకుండా మళ్ళీ వినిపించింది. మూడూ సమానంగా నిశ్శబ్దంగా ఉన్నాయి. ఇప్పుడు వీటిలో ఏది మేలో ఎలా తేలుతుంది? ఓర్పులో తేలుతుందన్నారు డైరెక్టరు గారు. ఏది ఎక్కువ కాలం నిశ్శబ్దంగా ఉండగలదో పదిహేను పనిదినాలు పరిశీలించవలెనని ఆదేశించారు.

ఆ విధంగా జనవరి నెల్లో, చదవడం వచ్చిన ఏకైక ఉద్యోగిని, చెవికి ఇత్తడి బిళ్ళతో, దేనికీ తగిలించని మూడు డిస్కుల ముందు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. గంటకోసారి మూడు గళ్ళలో 'శబ్దము లేదు' అని రాసి పొడి అక్షరాలు వేసింది. గుండెల్లో మాత్రం రోజుకొక పాఠం చొప్పున బరువు పెరుగుతూ ఉంది.

పదకొండో రోజు సాయంత్రం ఇంట్లో ఫోను మోగింది. ఆవిడ ఎత్తకూడదు కనుక వీర్రాజు గారు ఎత్తారు. అవతలి మాట చాలాసేపు విన్నారు. సైగ చేయడానికి ఒక చెయ్యి పైకి లేపి, దాన్ని ఎటు తిప్పాలో తెలియక అలాగే ఉండిపోయారు. అప్పటిదాకా అదుపులో ఉంచుకున్న గొంతు ఒక్కసారి తెంచుకుని వచ్చింది.

"ఆ పిల్ల ఏడుస్తుందే! నలభై రోజులే ఉందంట. మేడమ్‌కి మామీద కోపం వచ్చిందా అని అడుగుతుంది. ఏం చెప్పమంటావ్?"

వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. భ్రమరాంబ గారు వచ్చి ఆయన చేతిలోంచి రిసీవరు లాక్కుని, కుడి చెవికే ఆనించుకుని, "కోపం లేదు తల్లీ. పాతిక రోజులు చూడు. వస్తాయి," అన్నారు. ఈసారి ఎలా వస్తాయో కూడా అప్పుడే నిశ్చయించుకున్నారు.

మర్నాడు ఆవిడ చెవికి రాజీనామా ఇచ్చారు. పట్టాభిరామయ్య గారు ఆ కాగితం చూసి బాధపడ్డారు. ఉద్యోగి సర్వీసులో ఉండగా ఉద్యోగి చెవి విడిగా రాజీనామా చేయడానికి వీలు లేదు. బదిలీ చేద్దామన్నా చెవి వెళితే ఆవిడా వెళ్ళాలి. ఒకే ఒక్క దారి ఉంది. పరికరం పాడైపోయినట్టు డాక్టర్ల బోర్డు సర్టిఫికెట్ ఇస్తే రిజిస్టరులోంచి కొట్టేయవచ్చు.

"మీది దివ్యమైన చెవి కదమ్మా. ఎందుకిస్తారు?" అన్నారాయన.

ఇస్తారో లేదో చూద్దామని ఇంట్లో సాధన మొదలైంది. పెరట్లో పీట వేసుకుని ఆవిడ కూర్చుంటే, వెనకనుంచి వీర్రాజు గారు డ్రిల్లు విజిలు ఊదేవారు. మొదటిరోజు ఉలిక్కిపడి బియ్యం చేట వదిలేశారు. రెండోరోజు భుజం కదిలింది. నాలుగోరోజు విజిలు ఊదినా, డబ్బా కొట్టినా, చివరికి "బల్లి, బల్లి, నీ మీదే!" అని అరిచినా తొణకలేదు. వీర్రాజు గారికి భార్య మీద గర్వమూ, కొంచెం భయమూ కలిగాయి. ఇన్నేళ్ళలో తను చెప్పినవి ఆవిడ వినపడలేదన్నప్పుడల్లా నిజంగానే వినపడలేదా అని ఆయనకు మొదటిసారి అనుమానం వచ్చింది.

బోర్డులో చెవి డాక్టరు రిటైర్‌మెంటుకు దగ్గరపడ్డ పెద్దావిడ. ఫైలు మొదటి పేజీ నుంచి చదివారు. అధీకృత చెవి ఉత్తర్వు చదివి కళ్ళద్దాలు తీశారు. చదవకూడదన్న మెమో దగ్గర మళ్ళీ పెట్టుకుని, దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత గంట కొట్టారు, ఇనప కడ్డీ మోగించి చెవి దగ్గర పెట్టారు. భ్రమరాంబ గారు గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చున్నారు. డాక్టరు గారు వెనక్కి వెళ్ళి నిలబడి, చాలా మెల్లగా, పక్కవాళ్ళను అడిగినట్టు అడిగారు.

"పిల్లలకి పరీక్షలు ఎప్పటినుంచమ్మా?"

ఆ ప్రశ్నకు సాధన చేసి రాలేదావిడ. తల తిప్పలేదు. కాని క్యాలెండరులో అంకెలు అలుక్కుపోయాయి, కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా ఒళ్ళో పడ్డాయి. డాక్టరు గారు ముందుకు వచ్చి ఆ తడి చూసి, కూర్చుని, రెండు చెవులూ బొత్తిగా పనిచేయడం లేదని రాసి సంతకం పెట్టారు. విడిగా ఒక మందుల చీటీ కూడా రాసిచ్చారు. బయటికొచ్చి విప్పి చూస్తే అందులో ఒక్కటే ఉంది. 'రోజుకు ఎనిమిది గంటలు గట్టిగా పైకి చదవాలి.'

తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. పనికిరాని వస్తువుల జాబితాలో, విరిగిన రెండు బల్లలకూ ఒక కూజాకూ మధ్య, కుడి చెవి చేరింది. ఎడమ చెవి ఇన్‌చార్జి బాధ్యత దానంతటదే రద్దయింది. గంగరాజు ఇత్తడి బిళ్ళ విప్పుకుని రసీదు ఇచ్చాడు. డైరెక్టరు గారి తుది ఉత్తర్వు ఇలా వచ్చింది. 'ఉద్యోగినికి వినికిడి లేనందున హార్డ్ డిస్కు శబ్దము ఆమెకు ఇబ్బంది కలిగించు అవకాశము లేదు. ఫిర్యాదుకు మూలకారణము తొలగినందున ఫైలు మూసివేయడమైనది. ఉద్యోగిని పాత డిస్కుతోనే పఠనము కొనసాగించవచ్చును.'

వినపడని మనిషి ఎలా చదువుతుందని నాణ్యతా విభాగం సందేహం వెలిబుచ్చితే, చదవడానికి కావలసింది నోరు కదా అని పట్టాభిరామయ్య గారు తేల్చేశారు. వెనక చప్పుడు ఉంటే ఎలాగని వాళ్ళు మళ్ళీ అడిగారు. చప్పుడు ఉందని అనడానికి మీరెవరు, అధీకృత చెవి ఖాళీగా ఉంది కదా అన్నారాయన. ఖాళీ భర్తీ అయ్యేదాకా వచ్చిన సీడీనల్లా పంపేయడం తప్ప వాళ్ళకు దారి లేకపోయింది.

భ్రమరాంబ గారు డాక్టరు చీటీ మైకు పక్కన అంటించుకుని కూర్చున్నారు. వెనక డిస్కు గుర్రుమంటూనే ఉంది. వక్కలు కత్తిరిస్తూనే ఉంది. దాని మీదుగా రాజ్యాలు నిలబడ్డాయి, కూలాయి. గొంతు బొంగురుపోతే వీర్రాజు గారు మిరియాల కషాయం కాచి సైగ చేసి అందించారు. సైగలు ఇంక అక్కర్లేదని ఆవిడ చెప్పినా, ఆయనకు అలవాటైపోయింది. పదకొండు రోజుల్లో ఎనిమిది పాఠాలూ పూర్తయ్యాయి. ఇచ్చిన గడువుకు నాలుగు రోజుల ముందే సీడీలు హాస్టలుకు చేరాయి.

పరీక్షలు అయ్యాక ఏప్రిల్లో ఒకనాడు నూకరత్నం వార్డెనును వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. వార్డెను సంతకాల కోసం పైఅంతస్తుకు వెళితే, పిల్ల భ్రమరాంబ గారి పక్క కుర్చీలో కూర్చుంది. చేతులు వెతికి పట్టుకుంది.

"చరిత్ర బాగా రాసేనండి. అందరం బాగా రాసేమండి."

ఆవిడకు సంతోషంతో పాటు రెండు నెలలుగా మనసులో ఉన్న సిగ్గు కూడా పైకి వచ్చింది. "చివరి పాఠాల్లో వెనకాల ఒక దిక్కుమాలిన చప్పుడు ఉందమ్మా. మీకు ఎంత ఇబ్బందయిందో ఏమో. దాన్ని తీయించాలని నేను చేయని ప్రయత్నం లేదు."

"ఆ టకటకలాడే చప్పుడా అండి? తీయించేద్దామనుకున్నారా? ఎందుకండీ?" పిల్ల నిజంగా ఆశ్చర్యపోయింది. "ముందు పాఠాల్లో మీరు పేజీ తిప్పినప్పుడు ఏమీ వినపడేది కాదండి. ప్లేయరు ఆగిపోయిందనుకుని మీటలు నొక్కేసేవాళ్ళం. పాఠం మళ్ళీ మొదటికి వచ్చేసేది. ఈ చప్పుడుంటే మీరు ఆగేరంతే, అక్కడే ఉన్నారని తెలిసిపోయేదండి. మా హాస్టల్లో అందరికీ ఆ పాఠాలే ఇష్టం."

భ్రమరాంబ గారికి కమిటీ, మూడు డిస్కులు, బిళ్ళ, నిశ్శబ్ద దినాలు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఇంతమందిమి ఇన్ని చెవులతో ఇన్నాళ్ళు విన్నాం, వినవలసినవాళ్ళను ఒక్కరమూ అడగలేదు. తనూ అడగలేదు. నవ్వు వచ్చింది, దాని వెంటనే తన మీద తనకే ఒళ్ళు మండింది.

అప్పుడే పట్టాభిరామయ్య గారు ఒక పొడుగాటి పత్రం పట్టుకుని వచ్చారు. లబ్ధిదారుల అభిప్రాయ సేకరణ. సంవత్సరాంతానికి పైకి పంపాలి. పెన్ను మూత తీసి, మామూలు గొంతుతోనే అడిగారు.

"పన్నెండో కాలమ్ అమ్మా. పాఠాల్లో శబ్దం విషయమై విద్యార్థుల అభిప్రాయం ఏమిటి? అనుకూలమా, ప్రతికూలమా? ఏది రాసినా చర్యలు తీసుకుంటామని డైరెక్టరు గారు సెలవిచ్చారు."

నూకరత్నం ఉత్సాహంగా నోరు తెరవబోయింది. భ్రమరాంబ గారు పిల్ల చేతిని గట్టిగా నొక్కారు. చప్పుడు చేసే డిస్కుల ఎంపికకు కమిటీ, ఎంత చప్పుడో తేల్చడానికి మళ్ళీ చెవి, వచ్చే మార్చి, ఇంకో ముప్ఫై ఇద్దరు పిల్లలు అన్నీ ఆవిడకు వరసగా కనపడ్డాయి.

"నాకు వినపడదు కదండీ," అన్నారు.

పట్టాభిరామయ్య గారు నాలుక కరుచుకున్నారు. "నిజమే సుమండీ, రికార్డులో ఉంది. మరిచిపోయాను," అని నొచ్చుకుని, పన్నెండో కాలమ్‌లో 'విద్యార్థులకు అభిప్రాయము లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. పక్క కుర్చీలోని పిల్లను చూసి నవ్వి, తల నిమిరి, ఎడమ పక్కగా మెట్లెక్కి వెళ్ళిపోయారు.